టెంపరరీ మాస్టారు

మా మాస్టారు పోయారు. శ్రీకాకుళంలో నేను పనిచేస్తున్న ఆఫీసుకి విజయనగరం నుంచి కార్డు వచ్చింది. ఆయన అద్దెకున్న ఇంటి ముసలమ్మ ఎవరిచేతో రాయించినది. రెండు రోజులు జ్వరమట. మూడోనాటి ఉదయం కాఫీ ఇద్దామని తలుపు తడితే పలకలేదట. ఆయన బావమరిది వచ్చి కార్యక్రమం జరిపించేశాడట. కార్డు నా చేతికి అందేసరికి అన్నీ అయిపోయాయి.

మీలో చాలామందికి ఆయన తెలియరు. విశ్వవిద్యాలయం వారు విజయనగరంలో ఒక కాలేజీ గదిలో పట్టణ ప్రణాళిక అని కొత్త క్లాసు పెట్టారు. ఊరు ఎటు పెరగాలి, రోడ్డు ఎక్కడ వెయ్యాలి, వాన నీరు ఎటు పోవాలి అన్నది నేర్పే చదువు. దానికి ఒక్కరే మాస్టారు, ఆ ఒక్క ఉద్యోగమూ తాత్కాలికమే. ఏటా జూన్‌లో ఆర్డరు వస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. గజపతినగరం పక్క పల్లెనుంచి వచ్చిన నాతో కలిపి మేం ఏడుగురం చేరాం. మిగతా కాలేజీ పిల్లలు ఆయన్ని "టెంపరరీ మాస్టారు" అనేవారు. ఆయన విని నవ్వేవారు.

ఆయనది రాజమండ్రి. భార్య అక్కడే పుట్టింట్లో ఉండేవారు. పర్మనెంటు అయ్యాక ఇల్లు తీసుకుని ఆవిణ్ణి తీసుకురావాలని ఆయన ఆశ. అందుకని తన అద్దె గదిలోకి ఏదీ కొనలేదు. చాప, ట్రంకుపెట్టె, ఒక కూజా. గోడకి క్యాలెండరైనా లేదు. "మేకు కొట్టాక మళ్ళీ పీకాలి కదా" అనేవారు. హోటల్లో ఎప్పుడూ గోడవైపు తిరిగి కూర్చుని తినేవారు. ఓసారి నేను వెళ్ళి ఎదురుగా కూర్చుంటే ఆయన ముఖం ఎంత వికసించిందంటే, తర్వాత ఎన్నో రోజులు అక్కరలేకపోయినా అటు వెళ్ళేవాణ్ణి. ఆదివారం మాత్రం వెళ్ళేవాణ్ణి కాను. ఆదివారం ఆయన భార్యకి ఉత్తరం రాసుకునే రోజు.

పాఠం సగం వీధుల్లోనే. కోట చుట్టూ, సంతలో, ఇటుక బట్టీల వెనక బురదలో తిప్పేవారు. "ముందు నడవండి, తర్వాత గీయండి" అనేవారు. మ్యాపులో ఖాళీగా వదిలేసిన చోటు చూపిస్తే, "అక్కడ ఎవరో కూర్చుని ఉంటారు, వెళ్ళి చూసిరా" అని పంపేవారు. వెళ్తే నిజంగానే ఎవరో ఒకరు ఉండేవారు. చెప్పులు కుట్టే మనిషో, పిడకలు ఆరబెట్టుకునే ఆవిడో.

రెండో ఏడు తుపాను వచ్చింది. సముద్రం ఒడ్డున భావనపాడులో బెస్తవాళ్ళ గుడిసెలు కొట్టుకుపోయాయని, గవర్నమెంటు వారు కొత్త ఇళ్ళు కట్టిస్తారని విని మాస్టారు తనంతట తానే బయల్దేరారు. కొలత గొలుసు మొయ్యడానికి నన్ను రమ్మన్నారు. అప్పటికి ఆయన చొక్కా జేబులో ఇంటర్వ్యూ కాయితం ఉంది. ఉద్యోగం పర్మనెంటు చెయ్యడానికి పిలిచిన ఇంటర్వ్యూ. దానికి ఇంకా నాలుగు రోజులు గడువుంది.

ఇళ్ళకోసం చూసిన నేల ఊరి వెనక పల్లంలో ఉంది. అక్కడ ఒక ముసలమ్మ మా వెంటపడింది.

"బాబూ, ఈ పల్లంల వానొస్తే నడుం లోతు నీరు నిలుస్తాది. ఇక్కడ ఇల్లు కడితే మేం ఏటవ్వాల? వలలెక్కడ ఆరేసుకోవాల?"

"మరి ఎక్కడ కావాలమ్మా మీకు?"

"ఆ మెరక మీద. మా మాటెవులింటారు? నువ్వు సదూకున్నోడివి, నువ్వు సెప్పు."

రెండు రోజులు మెరక కొలిచాం. ఒకదాని గాలి ఒకటి ఆపకుండా ఇళ్ళను కాస్త కాస్త జరిపి, మధ్యలో వలలకి చోటు వదిలి మాస్టారు గీశారు. ఇళ్ళు కట్టించే ఇంజనీరు గారు చూసి, మంచి మనిషి, ఒప్పుకున్నారు. కానీ మర్నాడే పని మొదలు, ఎవరైనా దగ్గరుండి పునాదులకి ముగ్గు గుర్తులు పెట్టించాలన్నారు. ఇంటర్వ్యూకి వెళ్ళాలంటే మాస్టారు ఆ సాయంత్రమే బయల్దేరాలి.

"నువ్వు ఒక్కడివీ పెట్టించగలవా?" అని నన్ను అడిగారు.

నాకు పని వచ్చు. ఆయన పక్కనుంటే చేసేవాణ్ణే. కానీ ఇంజనీరూ, కంట్రాక్టరూ, అంతమంది జనం. "నాకు భయమేస్తంది మాస్టారూ. తప్పు పెడితే ఏటి గతి?" అన్నాను.

ఆయన నావంక ఓ క్షణం చూశారు. "నిజమే. నేను తాత్కాలికం కానీ ఈ గోడలు కాదు కదా" అని గొలుసు అందుకున్నారు. ఇంటర్వ్యూ నాడు ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని ముగ్గు పోస్తూ ఉన్నారు. మళ్ళీ ఆ ఇంటర్వ్యూ పెట్టనేలేదు. ఏటా ఆర్డరు, ఏటా అదే గది. ఆ మాట నాతో ఒక్కసారైనా ఎత్తలేదు.

ఆయన పోయిన రెండు నెలలకి గది ఖాళీ చెయ్యడానికి భార్య వచ్చారని తెలిసి విజయనగరం వెళ్ళాను. ఆవిణ్ణి చూడడం అదే మొదలు. ఆవిడ తమ్ముడు కాయితాల పని మీద కాలేజీకి వెళ్ళాడు. ఆవిడ ఆ వట్టి గది మధ్య నిలబడి ఉన్నారు.

"నువ్వేనా గొలుసు మోసేవాడివి? నీ గురించి రాసేవారు" అన్నారు. "పాపం, ఆ ఇంటర్వ్యూలో సరిగ్గా చెప్పి ఉంటే ఈపాటికి ఇక్కడే కాపురం ఉండేవాళ్ళం. నోరు పెగల్లేదని రాశారు. నాలుగేళ్ళలో నలభై రోజులు కలిసి ఉన్నామేమో" అన్నారు.

నేను కావాలంటే ఊరుకోవచ్చు. కానీ ఆయన చేతకానివాడని ఆవిడ మనసులో ఉండిపోవడం నేను సహించలేకపోయాను.

"ఆయన వెళ్ళలేదమ్మా" అన్నాను. మొత్తం చెప్పాను. నేను భయపడ్డ సంగతి కూడా.

ఆవిడ నావైపు చూడలేదు. "నాతో నిజం చెప్పి ఉండాల్సింది. నేను వద్దంటానని అనుకున్నారు కాబోలు" అన్నారు. తర్వాత, "అనేదాన్నే" అన్నారు.

మళ్ళీ తనే అడిగారు. "ఆ ఇళ్ళు ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

మర్నాడు ఆవిడా నేనూ శ్రీకాకుళంలో ఒక బస్సు, టెక్కలిలో ఒక బస్సు మారి భావనపాడు చేరాం. ముందురోజు వాన పడినట్టుంది, వెనక పల్లం నిండా నీళ్ళు. నాడు మా వెంటపడిన ముసలమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. ఈవిడెవరో చెప్పాను. మాస్టారు పోయారని కూడా చెప్పాను. ముసలమ్మ చేతిలో దారం కిందపెట్టింది.

"ఓలమ్మా" అంది నెమ్మదిగా. "రాయే తల్లీ. ఇలా కూకో."

ఆవిడ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నారు. ముసలమ్మ వల పక్కకి జరిపి ఆవిడ పక్కన కూర్చుంది. పక్కిళ్ళనుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ చేరారు. సముద్రపు గాలి రెండిళ్ళ మధ్యనుంచి తిన్నగా వచ్చి అరుగుకి తగులుతోంది. కాసేపటికి ఆవిడ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. బస్సు వేళయిందని చెబుదామని రెండుసార్లు దగ్గరకి వెళ్ళాను. ఒక అరచెయ్యి ఆ గోడమీద ఆనించి, ఆవిడ నిద్రపోతున్నారు.