తట్టెడు బూడిద

మా పక్కింటి అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. కబురు తెలిసిన కాసేపటికే మిల్లు షావుకారు ఇంత లావు బంతిపూల దండ పట్టుకొని వచ్చాడు. సొంత చుట్టాలకన్నా ముందు ఆయనే. పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. అవ్వ గురించి మెత్తగానే రాస్తాను. ఆ దండ గురించి మాత్రం నా వల్ల కాదు.

మాది బోధన్ నుంచి రెంజల్ పోయే తోవలో చిన్న వాడ. మా వెనక గోడ దాటితే ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు ఉడకబెట్టడానికి అక్కడ ఊకనే మండిస్తారు. ఆ ఊక బూడిదై గొట్టంలోంచి లేచి మా ఇండ్ల మీద పడుతుంది. నేను బట్టలు కుట్టి బతుకుతాను. బడి పిల్లల తెల్ల చొక్కా మిషన్ మీది నుంచి తీసి మడత పెట్టేలోపే నల్ల చుక్కలు పడతాయి. అవ్వ బీడీలు చుట్టేది. చాటలో తంబాకు మీద కూడా అదే నలుపు. గాలి మా వైపు ఉన్నప్పుడన్నా మంట ఆపండని అడగబోతే, బాయిలర్ ఒకసారి రాజేస్తే ఆపడం కుదరదని చెప్పి పంపేవాళ్లు.

గాలికి లేవని బూడిదను ట్రాక్టర్లలో తెచ్చి రోడ్డు పక్క గుంతలో పోసేవాళ్లు. ఒక ఎండాకాలం అవ్వ మేక తాడు తెంపుకొని అటు ఉరికింది. పట్టుకుందామని అవ్వ కుప్ప మీద అడుగు వేసింది. పైన చల్లగానే ఉంది, లోపల నిప్పు. నివురు గప్పిన నిప్పు అని మనం మాట వరసకు అంటాం. అవ్వ కాలు చీలమండ దాకా అందులో దిగింది. ఎన్నో రోజులు మంచం దిగలేదు. షావుకారు పంపిన మనిషి వచ్చి, ముసలిది చూసుకొని నడవొద్దా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

కుంటుకుంటూ లేచిన నాటి నుంచి అవ్వ ఒక పని పెట్టుకుంది. పొద్దున్నే వాకిట్లో పడిన బూడిదంతా ఊడ్చి, తట్టకెత్తుకొని, మిల్లు గేటు ముందు గుమ్మరించి వచ్చేది. మొదట్లో వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"మీ సొమ్ము మాకెందుకయ్యా, మీరే దాసుకోండ్రి" అంది అవ్వ. తర్వాత తర్వాత తట్ట కనబడగానే అతనే పక్కకు జరిగేవాడు. ఈ పనికి తల తీసేసినట్టుందని అవ్వ కోడలు ఇంట్లో రోజూ కొట్లాడేది. అవ్వ ఆమెను కూడా ఖాతరు చేయలేదు.

అట్లని బూడిదంటే అవ్వకు పగ లేదు. గిన్నెలు దాంతోనే తళతళా తోమేది. మునగ చెట్టు మొదట్లో అదే వేసేది. ఊక పొయ్యిలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక కూరి, మెల్లగా సీసా లాగేసి ఆ సందులో నిప్పు ఎట్లా ముట్టించాలో నాకు నేర్పింది ఆమే. గట్టిగా కూరకుండా లాగితే నా పొయ్యి కుప్పకూలింది, అవ్వ నవ్వీ నవ్వీ కూలబడింది. ఆమె పెనిమిటి చక్కెర ఫ్యాక్టరీలో చేసినవాడు. చెరుకు పిప్పిని కూడా అక్కడ పారేసేవాళ్లు కాదని, బాయిలర్‌లోకే పోయేదని గొప్పగా చెప్పేది.

"బూడిద చెడ్డది గాదు బిడ్డా. పారేసేటోని బుద్ధి చెడ్డది" అనేది.

మట్టిలో బూడిద కలిపి ఇటుకలు కోసే ఒకాయనను రెంజల్ దిక్కు నుంచి ఆమే వెతికి పట్టుకొచ్చింది. నీళ్లు చల్లి చల్లారబెట్టి, అట్నుంచి అటే బట్టీకి ఎత్తిస్తే పీడ పోతుందని షావుకారుకు చెప్పించింది. ఆయన ఏం చేశాడనుకున్నారు? బట్టీ ఆయనకు బూడిద ధర చెప్పాడు. మా నెత్తి మీద ఊరికే పోసేదానికి, అడిగేవాడు రాగానే ధర పుట్టింది. ఆ ఇటుకలాయన మళ్లీ రాలేదు. అవ్వకున్న కోరిక ఆ ఒక్కటే. అదీ తీరలేదు.

చివరి ఏడాది దగ్గు పట్టుకుంది. నిజామాబాద్ దవాఖానకు నేనే తోడు పోయాను. బీడీలు తాగుతావా అని డాక్టర్ అడిగాడు.

"సుడత గని తాగ సారూ. పొగ మిల్లుది, దగ్గు నాది" అంది.

మంగళవారం నాడు షావుకారు దండ వేసి, చేతులు కట్టుకొని, అవ్వ గౌరవార్థం ఈ రోజు మిల్లు బంద్ అన్నాడు. ఎంత పెద్ద మనసని నలుగురూ తలలూపారు. నేను అవ్వ మీద కప్పిన తెల్లబట్టనే చూస్తూ కూర్చున్నాను. ఎత్తుకుపోయేదాకా దాని మీద ఒక్క చుక్క పడలేదు. ఆపొచ్చన్నమాట. ఇన్నేండ్లూ ఆపి ఉండొచ్చు. ఏడుపుకన్నా ముందు నాకు కడుపు మండింది, ఇంకా మండుతూనే ఉంది.

తెల్లారి గొట్టం మళ్లీ పొగ కక్కింది. అవ్వ పోయిన చోట పెట్టిన దీపం నూనె మీద నల్లని పొర కట్టింది. కోడలు అది చూసింది. లేచి వాకిలంతా ఊడ్చి బూడిద తట్టకెత్తింది. గోడకు వేలాడేసిన షావుకారు దండ తీసి దాని మీదే పడేసింది. నా వైపు తిరిగి, "వస్తవా అక్కా" అంది. మిషన్ వదిలేసి లేచాను.

వాచ్‌మన్ మమ్మల్ని చూసి పక్కకు జరిగాడు. కోడలు తట్ట బోర్లించింది. గేటు ముందు బూడిద కుప్ప మీద ఆ బంతిపూలు ఇంకా వాడలేదు.