ఘనంగా ప్రారంభమైన నీళ్లు

మా మండలం బళ్లలో ఏదీ మామూలుగా జరగదు. అన్నీ ఘనంగానే జరుగుతాయి. పుస్తకాల పంపిణీ ఘనంగా, నులిపురుగుల మాత్రలు మింగించడం ఘనంగా, ఆఖరికి పోయినేడు చనిపోయిన డ్రిల్లు మాస్టారి సంతాప సభ కూడా ఘనంగా జరిగినట్టే పేపర్లో వచ్చింది. ఈ ఘనత అంతా మా ఈశ్వరప్రసాద్ గారిది.

ఆయన పైడిలంక హైస్కూల్లో తెలుగు మాస్టారు. దెందులూరు పక్కన ఊరు, కాస్త వరి పొలం ఉంది, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను అదే బళ్లో సోషల్ చెబుతాను. పేరు దుర్గాభవాని. రోజూ ఏలూరులో బస్సెక్కి కొల్లేరు దాటి వస్తాను. నా పేరు ఇక్కడే చదువుకోండి, పేపర్లో మాత్రం మీకు కనబడదు. ఆయన రాసే వార్తల్లో నేనెప్పుడూ ‘తదితరులు పాల్గొన్నారు’ అన్నచోట ఉంటాను. స్టేజి కడిగించింది నేను, పిల్లల చేత పాట పాడించింది నేను, పేపర్లోకి వచ్చేసరికి తదితరులు. ఒళ్లు మండదా మరి?

ప్రెస్ నోట్ రాయడం ఆయనకు అబ్బిన విద్య. మండలంలో ఏ బళ్లో ఏం జరిగినా మ్యాటర్ ఆయన ఫోనుకే వస్తుంది. ముందు ముఖ్య అతిథి పేరు, ఆ తర్వాత హోదాల వరస. ఒక్క పేరు జారిపోయిందా, ఆ పేరుగల పెద్దమనిషి బడి ముందు నుంచి వెళ్తూ కూడా మొహం అటు తిప్పుకుంటాడు. అందుకని మాస్టారు సభకు రాని వాళ్ల పేర్లు కూడా వేసేవారు. రాని వాళ్లే ఎక్కువ సంతోషించేవారు.

అసలు తిరకాసు ఎక్కడంటే, ఆయన వార్త ముందే రాస్తారు. కైకలూరులో రొయ్యల మేత కొట్టు నడుపుతూ, పేపరుకు వార్తలు పంపే రవితేజ అనే కుర్రాడున్నాడు. “మా పేజీ నాలుగింటికల్లా కట్టేస్తారండీ మాస్టారూ” అంటాడు. మన అతిథులేమో నాలుగు దాటాకే గాని కారెక్కరు. అందుకని మాస్టారు మధ్యాహ్నం పెరుగన్నం తిని, చెయ్యి తుడుచుకుని, సాయంత్రం జరగబోయే సభ అంతా రాసి పంపేస్తారు. అతిథి ఏం మాట్లాడాడో కూడా. ఒక్కోసారి అతిథి మనిషే ఫోన్ చేసేవాడు: “మాస్టారూ, సారు ఏం మాట్లాడారో కాస్త వాట్సాప్‌లో పెట్టండి. ఇప్పుడే బయల్దేరుతున్నాం, దారిలో చదువుకుంటారు.”

“జరగనిదాన్ని జరిగినట్టు ఎలా రాస్తారండీ?” అని ఓసారి అడిగేశాను.

“జరుగుతుంది గదండీ భవాని గారూ. కాస్త ముందు రాశాను, అంతే” అన్నారు. ఆ నెమ్మదితనం చూస్తే ఇంకాస్త మండింది.

ఇక నీళ్ల సంగతి. పైడిలంక చుట్టూ నీళ్లే. ఎటు చూసినా చేపల చెరువులు, వాటిల్లో గాలి చిలికే ఏరేటర్ల మోత. తాగడానికి మాత్రం చుక్క లేదు. బళ్లో బోరు ఉప్పన, పైగా వాసన. ఆ నీళ్లతో వండితే అన్నం పసుపెక్కుతుంది. పిల్లలు ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటారు, అది డ్రిల్లు పీరియడ్‌తోనే ఖాళీ. ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు ఎండబెట్టుకుని కూర్చుంటారు. ఎన్నో అర్జీల తర్వాత ఆర్వో ప్లాంటు మంజూరైంది. షెడ్డు లేచింది. కాంట్రాక్టరు గోపీనాథ్ మెషిన్ తెచ్చి బిగించాడు. నీలం రంగుది, చక్రాల స్టాండు మీద బాగానే మెరిసింది. కానీ ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించేదాకా కుళాయి తిప్పకూడదన్నాడు. పిల్లలు దాని చుట్టూ తిరిగి చూసి, మళ్లీ బోరు దగ్గరికి పోయి మొహాలు కడుక్కున్నారు.

ఆ శుక్రవారం మాస్టారు ఎప్పటిలాగే మధ్యాహ్నం వార్త పంపారు. అతిథి రిబ్బను కత్తిరించినట్టు, మొదటి గ్లాసు తానే పట్టి పిల్లలకిచ్చినట్టు, ‘ఇంత తియ్యటి నీళ్లు ఎన్నడూ తాగలేదని ఏడో తరగతి విద్యార్థిని సాయిదుర్గ హర్షం వ్యక్తం చేసింది’ అని కూడా. సాయిదుర్గ అప్పుడు నా క్లాసులో మ్యాపులో గోదావరి ఎక్కడుందో వెతుక్కుంటోంది.

అతిథి రాలేదు. శ్రావణ మాసం, ద్వారకా తిరుమలలో దగ్గరివాళ్ల పెళ్లి, కొండ దిగేసరికి పొద్దుపోయిందట. పిల్లలు దండలు పట్టుకుని ఎండలో నిలబడి నిలబడి ఇళ్లకు పోయారు. తెల్లారి పేపర్లో మాత్రం ప్లాంటు ఘనంగా ప్రారంభమైపోయింది. సోమవారం బడికి వెళ్తే షెడ్డు ఖాళీ.

గోపీనాథ్‌కు ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు. “అది చూపించడానికి తెచ్చిన పీసండీ. ఓపెనింగ్ అయిపోయింది గదా, మీ మెషిన్ వెనకాల వస్తోందండీ.” వెనకాల ఏదీ రాలేదు. మాస్టారి వార్త కత్తిరించి అంటించి అతను బిల్లు పెట్టుకున్నాడనీ, అదీ పాసైందనీ మండలాఫీసుకు వెళ్తే తెలిసింది. అక్కడి క్లర్కు మా అర్జీ చదివి, డ్రాయర్ లోంచి ఆ కటింగే తీసి మాస్టారి ముందు పెట్టాడు.

“ప్లాంటు ఓపెనైందని పేపర్లో వచ్చింది గదండీ. ఉన్న ప్లాంటును మళ్లీ ఎలా అడుగుతారు?”

“ఆ వార్త రాసింది నేనేనండీ. అలా జరగలేదు” అన్నారు మాస్టారు.

“అలా అనకండి. చాలా బాగా రాశారు” అన్నాడు క్లర్కు.

దారిలో నేను తిట్టాల్సినవన్నీ తిట్టాను. పెద్దవారని ‘అండీ’ మాత్రం వదల్లేదు. ఆయన తల దించుకుని విన్నారు గాని, వార్త సంగతి అంతగా పట్టించుకున్నట్టు లేదు. మెషిన్ ఎలాగూ వస్తుంది, కాస్త ఆలస్యం అంతే అన్న ధోరణిలోనే ఉన్నారు. ఆయనకు పట్టింది మర్నాటి ప్రార్థనలో.

ప్రతిజ్ఞ చెబుతూ చెబుతూ సాయిదుర్గ కుప్పకూలిపోయింది. కైకలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. పిల్ల నీళ్లు తాగడం లేదు, ఒంట్లో నీరు చాల్లేదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది అన్నారు డాక్టరమ్మ. సెలైన్ పెట్టారు. వాళ్లమ్మ కనకమ్మ మా బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్, చెరువుల మీద చేపలు పట్టే కూలికి వెళ్తుంది. పని మధ్యలోంచి తడి చీరతోనే వచ్చింది. ఆవిడ అరవలేదు. మాస్టారి దగ్గరకొచ్చి నిలబడింది.

“ఏవండీ మాస్టారూ, మా పిల్ల బళ్లో నీళ్లు తాగి శానా బాగున్నాయందని పేపర్లో ఏశారంట. మా వాళ్లందరూ సదివి చెప్పారండీ. ఏ నీళ్లండీ అయ్యి?”

ఎంత పెద్ద సభనైనా నాలుగు పేరాల్లో నిలబెట్టే మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు గోడ వైపు చూస్తూ నిలబడిపోయారు. నాకు జాలేసింది. దాంతో నా మీద నాకే కోపం వచ్చింది.

అక్కణ్నుంచి తిన్నగా రవితేజ మేత కొట్టుకు వెళ్లారు. నేనూ వెళ్లాను. ప్లాంటు ప్రారంభం కాలేదని వేయమన్నారు. రవితేజ మేత బస్తాలు సర్దుతూనే నవ్వాడు.

“మీ వార్తను మీరే కాదంటే ఎలాగండీ? రేపట్నుంచి మీరు పంపినవన్నీ అనుమానించాలి. అయినా బళ్ల పేజీలో మంచి వార్తలే వేయమన్నారండీ మా డెస్కువాళ్లు.”

“మంచి వార్తే రాస్తే వేస్తావా బాబూ?”

“ఎందుకెయ్యనండీ.”

ఆయన ఆ కొట్లోనే, మేత బస్తా మీద కూర్చుని రాశారు. ముఖ్య అతిథి మళ్లీ పైడిలంక వచ్చి ప్లాంటు పనితీరు స్వయంగా పరిశీలించారట. గ్లాసెడు నీళ్లు తాగారట. ఈ ప్లాంటును జిల్లాకే ఆదర్శంగా నిలుపుతాననీ, చూడ్డానికి పై అధికారుల్ని వెంటబెట్టుకుని వస్తాననీ మాటిచ్చారట. చదివి నేను కొయ్యబారిపోయాను. అబద్ధం చేసిన పాడును మరో అబద్ధంతో కడుగుతున్నాడీ మనిషి.

కానీ కడిగింది. వార్త వచ్చిన రోజే పైనుంచి అతిథికి అభినందనల ఫోన్లు. ఆయన ‘అబ్బే నాదేముందండీ’ అన్నాడే గాని తాను వెళ్లలేదని అనలేదు. ఎలా అంటాడు? ఆదర్శ ప్లాంటు చూడ్డానికి గురువారం బృందం వస్తుందని కబురు. బుధవారం పొద్దున్నే గోపీనాథ్ చెమటలు కక్కుతూ అదే నీలం మెషిన్ తెచ్చి బిగించాడు.

గురువారం అందరూ వచ్చారు. పేపర్లో ఎప్పుడో తెగిన రిబ్బను ఇప్పుడు కత్తిరించారు, కుళాయి తిప్పారు, నీళ్లు నిజంగానే వచ్చాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన సాయిదుర్గ ఓ గ్లాసు తాగి, ఎవరూ అడక్కుండానే రెండోది పట్టుకుంది. పిల్లలు సీసాలు పట్టుకుని వరస కట్టారు. పెద్దలు ఫొటోలు దిగి, చేపల పులుసు భోజనానికి సర్పంచి గారింటికి వెళ్లారు. వాళ్ల కార్ల దుమ్ము ఇంకా అణగలేదు, గోపీనాథ్ మనుషులు పానాలు పట్టుకుని షెడ్డులోకి దిగారు.

“ఏంటండీ ఇది?” అన్నారు మాస్టారు.

“సాయంత్రం కొంగలపాడు బళ్లో ఓపెనింగ్ ఉంది గదండీ. భోజనాలవగానే సార్లందరూ అటే వస్తారు. మీరే గదండీ పొద్దున్నే వార్త కూడా పంపారు?” అన్నాడు గోపీనాథ్, ఏమీ ఎరగనట్టు.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన మొహం నల్లబడింది. పంపారు. ఆసుపత్రి దగ్గర అంత జరిగినా, గోపీనాథ్ అడగ్గానే చెయ్యి ఊరుకోక పంపేశారు. కొంగలపాడుకు వేరే మెషిన్ ఉందనుకున్నారట. వెంటనే రవితేజకు ఫోన్ చేశారు. ఆ వార్త పేజీలో పెట్టేశారనీ, తియ్యడం కుదరదనీ అతని జవాబు. ఆ ముక్క నాకూ వినబడింది.

మెషిన్ వెళ్తే ఆయన రాసింది నిజమవుతుంది. వెళ్లకపోతే అబద్ధమవుతుంది. మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని, షెడ్డు గుమ్మంలో, ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే, తడి నేల మీద కూర్చున్నారు.

“లేవండి మాస్టారూ, బాగోదు” అన్నాడు గోపీనాథ్.

“నన్ను దాటి తీసుకెళ్లు” అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు.

కమిటీ తరఫున సభకొచ్చిన కనకమ్మ ఎవరి చేతా చెప్పించుకోలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను, చీర సంగతి తర్వాత చూసుకోవచ్చని. గోపీనాథ్ కాసేపు బతిమాలి, కాసేపు బెదిరించి, టైమ్ చూసుకుని ఉత్త చేతుల్తో వెళ్లాడు. కొంగలపాడులో ఏం చేశారో సాయంత్రానికి తెలిసింది. తాళం వేసిన షెడ్డు తలుపుకు రిబ్బను కట్టి కత్తిరించారు. మెషిన్ లోపలుందని అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ప్రార్థన అవుతుండగా మాస్టారికి ఫోన్. కొంగలపాడు హెడ్మిస్ట్రెస్ వీరరాఘవమ్మ గారు. ఆయన స్పీకరు పెట్టారు, మేమందరం విన్నాం.

“ఏవండీ ఈశ్వరప్రసాద్ గారూ, పేపర్లో మా బడి గురించి చాలా బాగా రాశారండీ. పొద్దున్నే తాళం తీయించాను. లోపలేమీ లేదు. పిల్లలు గ్లాసులు పట్టుకుని బయట నిలబడ్డారండీ. వాళ్లకేం చెప్పమంటారు?”

“నేను అబద్ధం రాశానని చెప్పండమ్మా” అన్నారు మాస్టారు. “మెషిన్ మా దగ్గరుందండీ. ఇవ్వను. ఇస్తే రెండు బళ్లలోనూ ఉండదు. మీ టిన్నులు పంపండి, నేనే నింపి పంపుతాను.”

ఆవిడ సరేనన్నారు. పది దాటాక ఓ ట్రక్కు ఆటో నిండా ఖాళీ టిన్నులొచ్చాయి. మాస్టారు చొక్కా చేతులు మడిచి కుళాయి దగ్గర కూర్చున్నారు. రోజూ అలాగే కూర్చుంటున్నారు, ఇప్పటికీ. నిన్న ముఖ్య అతిథి మనిషి ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెంలో ఏదో బళ్లో సైకిళ్ల పంపిణీ, సారు సాయంత్రం వస్తున్నారు, మ్యాటర్ కాస్త త్వరగా పంపాలట. మాస్టారి చేతులు ఖాళీగా లేవని ఫోను నేనే ఆయన చెవి దగ్గర పెట్టాను.

“చేతులు తడిగా ఉన్నాయండీ, రాయలేను” అని, ఆయన తర్వాతి టిన్ను కుళాయి కిందికి జరుపుకున్నారు.