గండుచీమలకు చక్కెర

మా ఇంటి వెనుక జామచెట్టు మొదట్లో గండుచీమల గూడు ఉండేది. నా చదువంతా ఆ గూటిలోనే ఉండేది. పరిశోధనకు హైదరాబాద్ వెళ్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "చీమలే గదా, ఇంటెనుక ఎన్ని లేవు? గీడనే చూసుకో" అన్నాడు. సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే ఇల్లు మాది. కోడలు రోజూ బస్సెక్కి పోతే గిరాకీల ముందు పరువు పోతుందట. గైడు సార్ మంచివారు కాబట్టి ఒక షరతు మీద సరేనన్నారు. ఒకే గూటిని ఏడాది పొడవునా గమనించాలి, అవి గూడు మారే తీరు తప్పకుండా చూడాలి. ఆ గూడు పోతే నా పట్టా పోయినట్టే.

ఈ చీమలు మిగతా వాటిలా బారులు తీరవు. కందిరీగల్లాంటి పూర్వీకుల అలవాట్లను ఇంకా వదలని పాత వంశం. దేని వేటకు అది ఒంటరిగా పోయి చెదపురుగునో చిన్న మిడతనో కుట్టి పట్టుకొస్తుంది. గూడు మారాల్సి వస్తే మాత్రం దారి తెలిసిన చీమ ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని పోతుంది. వెనకది ముందుదాన్ని మీసాలతో తాకుతూ నడుస్తుంది. తాకిడి ఆగిందంటే ముందుది అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది.

వీటికి రాణి ఉండదు. పుట్టిన ప్రతి ఆడచీమ వీపు మీదా రెక్కల ఆనవాళ్ళలా రెండు చిన్న మొగ్గలుంటాయి. మొగ్గలున్నదే జతకట్టి గుడ్లు పెడుతుంది. అందుకని గుడ్లు పెట్టే పెద్దచీమ, కొత్తది బయటపడీ పడగానే దాని మొగ్గలు కొరికేస్తుంది. ఇక అది జన్మంతా తల వంచుకుని చాకిరీ చేస్తుంది. ఎమ్మెస్సీ రోజుల్లో అద్దంపెట్టెలో ఇది చూసి ఆ పూట అన్నం తినలేకపోయాను. పెళ్ళయ్యాక అలవాటైంది.

మా అత్తమ్మ శనివారం శనివారం చీమలకు చక్కెర, బియ్యప్పిండి వేస్తుంది. చీమ కడుపు నిండితే శని వదులుతుందని మా వైపు నమ్మకం. ఎప్పుడూ వాకిట్లో వేసే మనిషి, ఆ ఏడు నా గూటి ముందు పోయడం మొదలుపెట్టింది.

"అత్తమ్మా, ఇవి చక్కెర తినే రకం కాదు. పురుగులను తింటయి. గాడ పోస్తే ఎర్రచీమలొస్తయి" అన్నాను.

"చక్కెర తినని చీమ ఉంటదా? ఏం చదువే నీది" అని నవ్వింది. "నీ పని జల్దీ ఒడిసి పట్టా రావాల్నని మొక్కి పోస్తున్న బిడ్డా."

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది. వారం వారం చెప్పాను, వారం వారం పోసింది.

ఒక శనివారం రాయపోల్‌లో పెళ్ళికి పోయి మర్నాడు పొద్దున వచ్చాం. చక్కెర మీద ఎర్రచీమలు కుప్పలు కట్టి, అది చాలక గూటిలోకి కూడా దూరుతున్నాయి. నా గండుచీమలు పిల్లలను నోట కరుచుకుని, ఒకదాని వెంట ఒకటి జంటలుగా ప్రహరీ వైపు పోతున్నాయి. గైడు సార్ చూడమన్నది అదే. ఒకవైపు ఏడుపు, ఒకవైపు సంబరం. ఫోన్ పట్టుకుని వాటి పక్కనే మోకాళ్ళ మీద పాకాను. చార్జింగ్ అయిపోతే వైరు కోసం లోపలికి పోయాను.

వచ్చేసరికి చెట్టు నుంచి ప్రహరీ దాకా తెల్లగా చీమల మందు. మా ఆయన డబ్బా మూత పెడుతున్నాడు.

"ఎర్రచీమలు దేవుని అర్రల దాకా ఎక్కినయ్. చల్లిన" అన్నాడు.

"నల్లటియి గూడ సస్తున్నయ్ కదా!"

"చీమలే గదా. ఇంకో గూడు దొరకదా?"

ఒక జంటలో వెనకది మందులో పడిపోయింది. ముందుది ఆగింది. తాకిడి కోసం నిలబడ్డ చోటే దాని కాళ్ళూ ముడుచుకుపోయాయి. నాకు ఒళ్ళు మండింది. ఆ డబ్బా ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు, పోయి గిన్నెలు తోముకున్నాను.

మా అత్తమ్మ పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైందట. టీచర్ ట్రైనింగ్ పోతానంటే వాళ్ళ అత్త పోనీయలేదట. చీమల్లో మొగ్గలు కొరికేదానికి కనీసం తన మొగ్గలు తనకుంటాయి. మా ఇంట్లో కొరికేవాళ్ళకూ అవి లేవు. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు పూర్తిగా రావడంలేదు, ఆ ఉక్రోషం వేరే.

తరువాతి శనివారం గుప్పిట్లో చక్కెరతో జామచెట్టు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసింది.

"చీమలేవే?"

"లేవు అత్తమ్మా."

"అయితే నీ పని ఒడిసినట్టేనా బిడ్డా?" నిజంగానే సంతోషంగా అడిగింది.

"ఒడిసింది."

"నా మొక్కు ఉత్తగ పోలే" అంటూ గుప్పెడు చక్కెర తెచ్చి మళ్ళీ వంటింటి డబ్బాలో పోసి, చాయ్ పెట్టమంది. ఆ చక్కెరే వేసి పెట్టాను.