అమ్మకు పడని రబ్బరు

అమ్మకు నలభై దాటిన ఏడాది కింది దవడ పన్ను పుచ్చింది. అప్పట్లో మేం తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో ఉండేవాళ్లం. ఇంట్లో రెండు లుంగీ మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి అమ్మది. నేను వేలూరు కాలేజీకి బస్సులో పోయి వస్తుండేదాన్ని. చెంపకు తువ్వాలు కట్టుకుని అమ్మ రెండు రోజులు అలాగే నేసింది. మూడో రోజు నాయన పట్టుబట్టి బజారులోని పళ్ల డాక్టరు దగ్గరికి పంపించాడు. నేను తోడు వెళ్లాను.

ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. చిన్నప్పుడు నా పాలపళ్లు ఉత్త చేతులతోనే తీశాడు. ఎయిడ్స్ భయం మొదలైన ఆ ఏళ్లలో కొత్తగా రబ్బరు గ్లౌజులు అలవాటు చేసుకున్నాడు. వాటిలోంచి తెల్లటి పొడి రాలేది. అమ్మ నోట్లో వేలు పెట్టి పన్ను తట్టి చూశాడు, తర్వాత మత్తు సూది వేశాడు. కాసేపటికి అమ్మ పెదవులు ఉబ్బాయి, మెడ నిండా దద్దుర్లు లేచాయి. ఊపిరి అందక ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆయన గబగబా ఇంకో సూది వేసి, మమ్మల్ని ఆటో ఎక్కించి, తనూ పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సాయంత్రం అమ్మ తేరుకునేదాకా ఇంటికి పోలేదు.

"మత్తు సూది నీకు పడదమ్మా, ఇంకెప్పుడూ వేయించుకోవద్దు" అని తమిళంలో చెప్పాడు. మేమూ అదే నమ్మాం.

మత్తు లేకుండా పన్ను తీయించుకునే ధైర్యం ఎవరికుంటుంది? దాదాపు రెండేళ్లు అమ్మ ఒకవైపే నమిలింది. నొప్పి ఎక్కువైన రోజు ఆమె మగ్గం ఆగి ఆగి నడిచేది. అడిగితే "ఏం లేదుమ్మే, పోగు తెగింది" అనేది.

వేలూరు పక్కన బాగాయంలో ఉండే నా స్నేహితురాలు, వాళ్ల వీధిలో చిత్తూరు నుంచి వచ్చిన డాక్టరమ్మ పళ్ల క్లినిక్ పెట్టిందని చెప్పింది. తెలుగు మాట్లాడుతుందంటే అమ్మ బయలుదేరింది.

డాక్టరమ్మ నోరు తెరవమనలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ పొద్దు ముందు ఏం చేసినారు, తర్వాత ఏం చేసినారు, చెప్పండమ్మా."

డాక్టర్ల ముందు అమ్మకు నోరు పెగిలేది కాదు. నా వైపు చూసింది. నేను చెప్పబోతే డాక్టరమ్మ ఆపింది.

"అమ్మనే చెప్పనీ."

"ఆయప్ప వేలు పెట్టినాడు" అంది అమ్మ మెల్లగా. "పెదాలు చురచుర మండినాయి. ఆ పైన సూది ఏసినాడు."

"సూదికి ముందే మండిందా?"

"ముందేమ్మా."

ఆ రోజు పక్కనే నిలబడి ఉన్నాను, నాకీ సంగతి తెలియదు. "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ఎవురడిగినారు?" అంది.

డాక్టరమ్మ ఇంకా అడిగింది. బెలూను ఊదితే మూతి వాస్తుందని, అరటిపండు తింటే గొంతు దురద పెడుతుందని అమ్మ ఒక్కొక్కటే చెప్పింది.

"మీకు పడనిది రబ్బరేమో. రబ్బరు పడనోళ్లలో కొందరికి అరటిపండూ పడదు. ఊహతో వద్దు, పరీక్ష చేయించుకుందాం" అంటూ చీటీ రాసిచ్చింది. వేలూరు ఆసుపత్రిలో చేతి మీద రబ్బరు రసం, మత్తుమందు చుక్కలు వేసి సూదిమొనతో గుచ్చి చూశారు. రబ్బరుకు చర్మం ఎర్రగా పొంగింది. మత్తుమందుకు ఏమీ కాలేదు.

సోమవారం తెల్లవారగానే రమ్మంది డాక్టరమ్మ. ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది, గాలిలో గ్లౌజుల పొడి ఉండదని. మేం వెళ్లేసరికి గదంతా తడిగుడ్డతో తుడిపించింది. అమ్మ కోసం ప్లాస్టిక్ గ్లౌజులు తెప్పించింది. రబ్బరు మూత ఉన్న సీసా వద్దని మత్తుమందు గాజు గొట్టంలోంచి తీసింది. ఊపిరి ఆడకపోతే వేసే సూదిని చేతికందేలా పెట్టుకుంది.

అప్పుడే పనిలోకి వచ్చిన నర్సు, సంగతి తెలియక రబ్బరు గ్లౌజులతో లోపలికి వచ్చింది. దవడ పట్టుకోబోయింది. అమ్మ నోరు మూసేసి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలుమ్మా. అది రబ్బరు. నాకు పడదు."

జన్మలో మొదటిసారి ఆసుపత్రి మనిషికి అమ్మ అడ్డు చెప్పడం చూశాను. అడ్డం పెట్టిన చెయ్యి దించలేదు. నర్సు బయటికి పోయి గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చింది. డాక్టరమ్మ పావుగంట ఆగి, ఏమీ కాలేదని చూసుకుని పని మొదలుపెట్టింది. పన్ను నొప్పి లేకుండా ఊడి వచ్చింది.

రబ్బరు పడదని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఒక అట్ట మీద రాసిచ్చి, ఏ ఆసుపత్రికి పోయినా ముందు చూపించమంది.

వారం తర్వాత అమ్మ ఆ అట్ట పట్టుకుని గుడియాత్తం డాక్టరు దగ్గరికి పోదామంది. ఆయన చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నా మాట నమ్మి రెండేళ్లు నొప్పి పడినావా తల్లీ" అన్నాడు.

"ఆ పొద్దు మీరు పక్కన లేకపోతే నేను ఉందునా అప్పా" అంది అమ్మ.

ఆయన కొత్త కాగితం తీసుకుని, ఏ గ్లౌజులో, ఏ మందో, ఏ వేళకు రమ్మన్నారో అన్నీ అడిగి రాసుకున్నాడు. తర్వాత ఆయన ప్రాక్టీసు మానేదాకా అమ్మ పళ్లు చూసింది ఆయనే, పొద్దున్నే, అందరికంటే ముందు.