బొగ్గుపొడి పూసిన టేపు

అడవి అంచున ఉన్న ఆ భూగర్భ గనిలో బొగ్గెత్తే యంత్రం ఎటు కదిలితే అటు దాని కరెంటు కేబుల్ కూడా ఈడ్చుకుంటూ పోతుంది. రాళ్ల మీద రాసుకున్నా, బురదలో నానినా ఏళ్లకేళ్లు మన్నే కేబుల్ అది. ఎలక్ట్రీషియన్ శ్రీశైలానికి ఆ సంగతి బాగా తెలుసు. ఇరవై రెండేళ్లుగా దాని మంచిచెడ్డలు చూస్తున్నది అతనే.

సోమవారం ఒకచోట పైతొడుగు చీలింది. కేబుల్‌ను గని పైకి పంపి, రబ్బరు కరిగించి అతికించాలి. అంటే షిఫ్టంతా యంత్రం ఆగిపోతుంది. అందుకని శ్రీశైలం టేపు చుట్టేశాడు. కొత్త టేపు మెరిస్తే ఆఫీసరు కంట పడుతుందని దాని మీద బొగ్గుపొడి కూడా పూశాడు. అందరూ చేసే పనేలే అనుకున్నాడు.

బుధవారానికి టేపులోకి నీళ్లు దిగాయి. కేబుల్ పక్కకు జరపబోయిన అతని హెల్పర్ జానీ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

దవాఖానాలో జానీ కుడిచేతికి మోచేయి దాకా కట్టు ఉంది. అతని భార్య రజియా అన్నం తినిపిస్తోంది. నిజం చెప్పేయాలనే శ్రీశైలం వచ్చాడు. అతను నోరు విప్పేలోపే జానీ అందుకున్నాడు.

"నువ్వు రంది పెట్టుకోకన్నా. తప్పు నాదేనని ఆఫీసర్‌కు చెప్పిన. టేపున్న కాడ చెయ్యి పెట్టొద్దని నువ్వే గదా నాకు నేర్పింది. నేనే సరిగ జూడలె."

రజియా చేతిలో ముద్ద పట్టుకుని శ్రీశైలం వైపు చూసింది.

"అవ్," అన్నాడు శ్రీశైలం.