సమాధిలో నలభై నిమిషాలు

లెబనాన్ దక్షిణ కొనలో మా పోస్టుకు చేరిన రోజు, ఉదయం ఆరు గంటలకు మంచు కురుస్తోంది. నెత్తిన నీలం హెల్మెట్, ఒంటి మీద పదకొండు కిలోల జాకెట్, వీపున రేడియో సెట్, భుజాన తుపాకీ. నేను ఆపరేటర్‌ని. శాంతి సేనలో భయమేముంటుందని మా బీరంగూడలో ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నాకు భయమే.

నేను పుట్టు బిడియస్థుణ్ణి. బస్సు బీరంగూడ దగ్గర ఆపమని అడగలేక పటాన్‌చెరు దాకా పోయి, నడుచుకుంటూ వెనక్కి వచ్చిన రోజులున్నాయి. అలాంటివాడికి రేడియో ఎలా ఇచ్చారో తెలియదు. అందులో అవతలి మనిషి కనిపించడు కాబట్టి నెట్టుకొచ్చాను.

రోజూ పదింటికి గస్తీ. ఒక తెల్ల జీపు, ముగ్గురం. ముందు సీట్లో గఢ్వాల్ నుంచి వచ్చిన హవల్దార్ సాబ్. డ్రైవర్ మా జిల్లావాడే, జహీరాబాద్. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. దారిలో ఒక గుట్ట రాతిలో తొలిచిన సమాధులు ఉండేవి. రెండు వేల ఏళ్ళ నాటివని మా దుబాసీ చెప్పాడు. లోపల ఎముకలు కూడా మిగల్లేదు. చల్లగా ఉంటుందని ఎండాకాలం ఒక ముసలావిడ అందులో కూర్చుని పొగాకు ఆకులు దారానికి గుచ్చుకునేది. డ్రైవర్ అన్న లోపలికి వెళ్ళి ఫొటోలు దిగేవాడు. నేను గడప దాటేవాణ్ణి కాదు.

“బొందల అడుగు పెడితే తానం చెయ్యాలె అన్నా. క్యాంపుల ఒక్క బకెట్టే ఇస్తరు.”

“రెండు వేల ఏండ్ల కింద సచ్చినోనికి మైలేంది తమ్మీ?” అని నవ్వేవాడు.

జూలైలో ఒక రోజు, పది నలభైకి, ఆ గుట్ట కింద ఉండగా మొదటి పేలుడు వినిపించింది. నేను లక్డారం క్వారీల చప్పుళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. అక్కడ బ్లాస్టింగ్‌కు ముందు ఈల వేస్తారు. ఈల వేయలేదేమని పిచ్చివాడిలా ఒక్క క్షణం ఆలోచించాను. రెండోది రోడ్డు మీదే పడింది. జీపులోంచి దూకిన హవల్దార్ సాబ్‌కు చీలమండ బెణికింది. ఆయన్ని రెక్క పట్టుకుని సమాధిలోకి లాక్కెళ్ళాను. మైల సంగతి గుర్తే లేదు.

లోపల ముసలావిడ ఉంది. ఒళ్ళో ఆకులు, చేతిలో జానెడు సూది. డ్రైవర్ అన్న మాత్రం రాలేదు. తొంగి చూస్తే, యాభై అడుగుల దూరంలో, జీపు కింద బోర్లా పడి చెవులు మూసుకుని ఉన్నాడు. అతని వీపు మీదే డీజిల్ ట్యాంకు.

సెట్‌లో కంట్రోల్ గొంతు: “బండి దగ్గర ఎవరూ ఉండొద్దు. ఓవర్.”

“జా, ఉస్కో లేకే ఆ,” అన్నాడు హవల్దార్ సాబ్. వెళ్ళి వాణ్ణి తీసుకురమ్మని.

గుమ్మం దాకా వెళ్ళాను. మూడోది పడింది. “అన్నా” అని పిలిచాను. నా గొంతు నాకే వినిపించలేదు. వెనక నుంచి మళ్ళీ, “జా.” నేను వెళ్ళలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ముసలావిడకు మా భాష రాదు. నా మొహం చూసింది, జీపు చూసింది, ఆకులు పక్కన పెట్టి లేచింది. పరుగెత్తే వయసు కాదు, నడిచే వెళ్ళింది. జీపు దగ్గర వంగి డ్రైవర్ అన్న కాలర్ పట్టి లాగింది. ఇద్దరూ లోపలికి వచ్చాక పడిన నాలుగో దానికి జీపు అంటుకుంది.

ఆ తర్వాత నేను గోడకేసి తిరిగి కూర్చున్నాను. రాతి నిండా ఉలి గీతలు. మా నాయన క్వారీలో కొట్టిన రాళ్ళ మీదా ఇవే గీతలుండేవి. ఏ రాజు కోసమో మా నాయనలాంటి ఒక కూలీ ఈ గది తొలిచి ఉంటాడు. ఆ గీతలు లెక్కపెట్టాను. పదకొండు ఇరవైకి సెట్‌లో బయటికి రమ్మన్నారు.

గుట్ట దిగుతుంటే డ్రైవర్ అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వొస్తుంటె ముసలామె ఆపిందా తమ్మీ?”

అవునన్నట్టు తల ఊపాను. హవల్దార్ సాబ్ విన్నాడు. కుంటుకుంటూ ముందుకు నడిచాడు.

క్యాంపులో ఆ సాయంత్రమే స్నానం చేశాను. అయినా ఆరు నెలల తర్వాత బీరంగూడలో మా కిరాయి ఇంటి గేటు దగ్గరే ఆగి, బకెట్ నీళ్ళు బయటికి తెమ్మన్నాను. మా ఆవిడ మొహం తెల్లబోయింది.

“ఎవలు పోయిండ్రు?”

“ఎవ్వలు పోలే. బొందల కూసొని వచ్చిన.”

ఇప్పుడు నాలాగే డ్రైవర్ అన్న కూడా రిటైరయ్యాడు. పోయిన నెల ఇంటికి వచ్చి, “నీ పెనిమిటి నా కోసం పానం ఇడువనీకె తయారైండు చెల్లె” అని మా ఆవిడకు చెప్పాడు. ఆమె నన్ను చూసిన చూపు తట్టుకోలేక చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు తలే ఊపాను, ఈసారి అదీ చేయలేదు.

ఒక్కటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. బయటికి వెళ్ళేముందు ముసలావిడ చేతిలోని సూదిని చూసుకుంది. దారం జారిపోకుండా దాన్ని తలగుడ్డ అంచుకు గుచ్చుకుంది. తిరిగొచ్చి ఆ దండ పూర్తి చేయాలి కదా. నేను పక్కనే తుపాకీ పట్టుకుని నిలబడి చూశాను.