ఏ ఇయర్‌ఫోన్‌లో ఉంది గౌసియమ్మ గొంతు?

2016 వేసవి. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురు వరసలో మా మొబైల్ యాక్సెసరీస్ దుకాణం. యాక్సెసరీస్ అంటే ఫోను తప్ప ఫోనుకు కావలసినవన్నీ: ఛార్జర్లు, కవర్లు, మెమరీ కార్డులు, ఇయర్‌ఫోన్లు. మావారు ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతారు. దుకాణం మాత్రం నాది. తెనాలి దగ్గర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం కాబట్టి బజారులో అందరికీ నేను ‘ఆంధ్రా అక్క’ను. మొదట్లో ఆ పిలుపు వింటే చిర్రెత్తేది. పోనుపోను, అదే బోర్డు మీద రాయించుకుంటే పోలా అనిపించేదాకా వచ్చింది.

హైదరాబాదు మా వైపు పెరుగుతూ వస్తున్న రోజులవి. రోడ్డు పొడవునా ప్లాట్ల వెంచర్ల బోర్డులు, కాలేజీల బస్సులు, ప్రతి కుర్రాడి మెడలో ఒక వైరు. చవక ఇయర్‌ఫోన్లు ఎంత తెచ్చినా నిలిచేవి కావు. కొనడానికి వచ్చిన ప్రతివాడి నోటా ఒకటే ప్రశ్న: “అక్కా, బాస్ ఎట్లుంటది?” బాస్ అంటే పాటలోని కింది శబ్దం. డప్పు దెబ్బ, డ్రమ్ము మోత, గుండెల్లో ధన్‌మని తగిలేదంతా బాసే. దాన్ని చూపించడానికి మా వరసలోని ప్రతి దుకాణంలోనూ ఒక ‘చెకింగ్ పాట’ ఉండేది. ఎవరొచ్చినా ఆ డీజే పాటే పెట్టి వినిపించేవాళ్లు. తల అదిరితే మంచి పీసు, అదరకపోతే డబ్బా పీసు.

ఈ పద్ధతంటే నాకు ఒళ్లు మంట. పాడే మనిషి గొంతు ఏమైపోయినా ఎవరికీ పట్టదు! అందుకని నేను తీరిక దొరికినప్పుడు ప్రతి కొత్త సరుకునూ స్వయంగా విని, ఇది గొంతుకు, ఇది మోతకు అని వేరు చేసి పెట్టుకునేదాన్ని. నా చెవి మీద నాకు మంచి నమ్మకం ఉండేది. ఇప్పటికీ ఉంది. కాకపోతే చెవి ఒక్కటే సరిపోదని నాకు చూపించింది గౌసియా బేగం.

ఒక మధ్యాహ్నం, ఎండకు బజారు ఖాళీ అయిన వేళ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందున్న అమ్మాయి బుర్ఖాలో ఉంది, ముఖం మీది ముసుగు పైకి తీసి చెమట తుడుచుకుంటోంది. వెనకావిడకు యాభై దాటి ఉంటాయి, చీర కొంగు తల మీదుగా కప్పుకుంది.

“అక్కా, జర మంచి ఇయర్‌ఫోన్లు చూపియ్యి. చెవుల లోపలికి పోయేటియి కావాలె. బస్సుల పోయేటప్పుడు ఇంటా,” అంది అమ్మాయి. ఆమె పేరు షబానా. యాచారం వైపు పల్లెటూరు. రోజూ హయత్‌నగర్‌లో ఒక టైలరింగ్ షాపుకు పనికి పోయి వస్తుంది. పెద్దావిడ ఆమె అత్తగారు గౌసియా బేగం, షబానా ఆమెను ‘అమ్మీ’ అని పిలుస్తుంది. తరవాత తరవాత నాకు గౌసియమ్మ అయింది.

“బాస్ ఎక్కువ కావాలా, మామూలుగా ఉన్నా ఫర్వాలేదా?” అని అలవాటు కొద్దీ అడిగాను.

గౌసియమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది. నాకేమీ అర్థం కాలేదు.

“మా అమ్మీ ఎక్కువ మాట్లాడొద్దక్కా,” అంది షబానా. “గొంతుల గడ్డ అయితే దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. ఇంకా నెలల కొద్ది పాడుడు బంద్. మాట్లాడుడు గూడ జర్రంతనే అన్నడు డాక్టర్.”

మెల్లమెల్లగా విషయం తెలిసింది. గౌసియమ్మ ఢోలక్ పాటలకు చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న మనిషి. ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఒకరు ఢోలక్ వాయిస్తుంటే చప్పట్లు కొడుతూ పాడుకునే పాటలవి. వియ్యాలవారిని ఆటపట్టించేవి కొన్ని, పెళ్లికూతురిని లాలించేవి కొన్ని. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ ఎత్తుకునే మనిషి ఎప్పుడూ గౌసియమ్మే. ఊళ్లోని ఆడపిల్లలందరికీ పాడిన ఆమె, ఇప్పుడు తన ఒక్కగానొక్క కూతురి మంజాకు నోరు మూసుకుని కూర్చోవాలి. మంజా అంటే పెళ్లికి ముందు పిల్లకు పసుపు పెట్టే వేడుక. దానికి ఇంకెన్నో రోజులు లేవు.

పాట ఎత్తుకునే బాధ్యత కోడలి మీద పడింది. షబానా పుట్టిల్లు మహేశ్వరం. సినిమా పాటలు హాయిగా పాడుతుంది గానీ ఈ పాటలు చప్పట్ల వరకే తెలుసు. అత్తకేమో ఇప్పుడు పాడి నేర్పే వీలు లేదు. చేతిలో ఉన్నదల్లా ఒక రికార్డింగు, అంతకుముందు ఏడాది చుట్టాల పెళ్లిలో ఎవరో ఫోనులో పట్టింది. ఆ మహాతల్లి ఎవరో ఫోనును తీసుకెళ్లి ఢోలక్ పక్కనే పెట్టింది. ఢోలక్ ముందుకొచ్చి, గౌసియమ్మ గొంతు వెనకెక్కడో ఉండిపోయింది. ఫోను స్పీకర్‌లో పెడితే గొంతు పగిలి గరగరమంటోంది. “మంజాకు నలుగురొస్తరు. గౌసియా ఇంట్ల పాట లేదంటే మా అమ్మీకి పానం పోయినట్టే,” అంది షబానా. గౌసియమ్మ తల వంచుకుని కౌంటరు అద్దం మీద వేళ్లతో చిన్నగా తాళం వేస్తూ ఉంది.

వినిపించడానికి విడిగా ఉంచే డెమో పీసులు బయటికి తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, వాళ్ల రికార్డింగే పెట్టాను. మొదట నల్లటి జత. మా దుకాణంలో బాగా అమ్ముడయ్యేది అదే. షబానా విని మొహం చిట్లించింది. “ఢోలక్ మస్తుందక్కా. అమ్మీ ఏడుందో దొర్కుతలేదు.” గౌసియమ్మ పెట్టుకుంది. పెట్టుకోగానే ఆమె కళ్లు మెరిశాయి. గుండె మీద చెయ్యి వేసుకుని, “నేనే,” అంది లోగొంతుకతో.

తరవాత ఒక తళతళలాడే జత ఇచ్చాను. అందులో ట్రెబుల్ ఎక్కువ. ట్రెబుల్ అంటే పై శబ్దం, గాజుల గలగలా చప్పట్ల చివరలూ ఉండే చోటు. ఇద్దరూ పెట్టుకున్నంత వేగంగానే తీసేశారు. మూడోది ఎవరూ కన్నెత్తి చూడని చప్పిడి తెల్ల జత. దాంట్లో మిడ్ బాగుంటుంది. కిందికీ పైకీ నడుమనున్న శబ్దాన్ని మిడ్ అంటాం, మనిషి గొంతు ఉండేది ప్రధానంగా అక్కడే. షబానా పెట్టుకుని, “బరబరమంటుందక్కా, ఖరాబ్ పీసేమో,” అంది. చూస్తే ఆమె బుర్ఖా బట్ట వైరుకు రాసుకుంటోంది. ఆ రాపిడి వైరు వెంబడి చెవిలోకి పాకుతుంది. వైరును చెవి పైనుంచి వెనక్కి తిప్పాను, రబ్బరు టోపీలు కూడా ఆమె చెవికి సరిపడే చిన్నవి మార్చాను.

షబానా కదలకుండా నిలబడిపోయింది. “అక్కా, గిదే! గిదే మా అమ్మీ!”

గౌసియమ్మ కూడా అదే జత పెట్టుకుని వింది. ఆమె ముఖం వాడిపోయింది. “ఎవరిది ఈ గొంతు?” అంది. “నేను గాదు.”

“నువ్వే అమ్మీ!”

“గింత సన్నగుంటదా నా గొంతు?” అంటూ గౌసియమ్మ తెల్ల జతను పక్కకు నెట్టి నల్ల జతను చూపించింది. అత్త ముందు తల ఎత్తనట్టున్న ఆ కోడలు కూడా తగ్గలేదు. “పెండ్లయిన కాడి నుంచి నీ పక్కన కూసొని చప్పట్లు కొడుతున్న. నీ గొంతు నాకెరుక లేదా?” వాళ్లలో వాళ్లు ఉర్దూలో కాసేపు వాదించుకున్నారు. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. నా చెవి షబానా పక్కనే ఉంది. కానీ అది గౌసియమ్మ గొంతు. ఆమె గొంతు గురించి ఆమెకే తప్పు చెప్పడానికి నేనెవరిని?

అప్పుడు తట్టింది. ఇయర్‌ఫోనులో మైకు పని చేస్తోందో లేదో చూడటానికి మా దగ్గర ‘హలో హలో’ అని రికార్డు చేసి వినిపిస్తాం. విన్న ప్రతివాడూ ఒకటే అంటాడు, ఇది నా గొంతేనా అని. రోజూ వినే మాటే, ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

“అమ్మా, మనం మాట్లాడేటప్పుడు మన గొంతు బయటి నుంచే కాదండి, లోపల ఎముకల నుంచి కూడా చెవికి వస్తుంది. అందుకని మనకు మన గొంతు లావుగా వినిపిస్తుంది. ఎదుటివాళ్లకు అలా ఉండదు,” అన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది. “రెండు చెవులూ మూసుకుని ఏదైనా పాడి చూడండి,” అన్నాను, మతిలేక. షబానా గుడ్లురిమింది. గౌసియమ్మ నవ్వేసి, నువ్వే పాడమని కోడలికి సైగ చేసింది. షబానా చెవులు మూసుకుని రెండు ముక్కలు పాడి, “యా అల్లా! నా గొంతు మొగోని గొంతు లెక్కయిందక్కా!” అంది. ముగ్గురం పగలబడి నవ్వాం.

గౌసియమ్మ ఇక తెల్ల జతకు ఒప్పుకుంటుందనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. అలాగని కాదనీ అనలేదు. నల్ల జతను తన చేత్తోనే కోడలి చెవుల్లో పెట్టింది. తను ఏదీ పెట్టుకోలేదు. వింటూ వింటూ పాడమని సైగ చేసింది. బజారులో పాడటానికి షబానా సిగ్గుపడుతుంటే నేను షట్టరు సగం దించి, ఫ్యాను కూడా ఆపేశాను.

షబానా పాడింది. గౌసియమ్మ కళ్లు మూసుకుని అద్దం మీద తాళం వేసింది. తాళం ఎక్కడా తప్పలేదు గానీ మాటల చివరలు మింగేసింది, పాట మొత్తం ఒకే ఎత్తులో నడిచింది. తరవాత తళతళలాడే జత పెట్టింది. అందులో షబానా తొందరపడి గొంతు చించుకుంది. చివరికి తెల్ల జత పెట్టింది. ఆ పాటలో ఒకచోట గొంతు పైకెక్కి, అక్కడ కాస్త నిలిచి వణికి, నెమ్మదిగా కిందికి దిగుతుంది. పాటలో తల్లి కూతురి ముఖం చేతుల్లోకి తీసుకునే చోటు అదని షబానా తరవాత చెప్పింది. మొదటి రెండు జతల్లో ఆ మలుపు షబానా నోట రానే లేదు. ఈసారి వచ్చింది. వంకరగా వచ్చింది, భయపడుతూ వచ్చింది, కానీ వచ్చింది.

తాళం వేస్తున్న వేళ్లు ఆగిపోయాయి. గౌసియమ్మ కళ్లు తెరిచి, తెల్ల జత డబ్బా తీసి కోడలి చేతిలో పెట్టింది.

“నాకు నల్లదే నచ్చింది బిడ్డా,” అంది నాతో, గొంతు పెగుల్చుకుని. “అయితేంది? నేర్చేది నేను గాదు. దాని నోరు ఏది చెప్తే అదే మంచిది.”

అంత పేరున్న గాయని, తన గొంతు తనకు నచ్చే తీరు వదులుకోవడం చిన్న సంగతా? పైగా ఇయర్‌ఫోను నాణ్యతను చెవిలో పెట్టుకోకుండా, పాడే మనిషిని విని తేల్చిన వాళ్లను నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ఆ ఉపాయానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ఎవరైనా ఏది మంచిదని అడిగితే, వినేదెవరు, ఏం వింటారు అని ముందు అడుగుతాను. తమకు బాగా తెలిసిన మనిషి గొంతేదైనా ఫోనులో ఉంటే పెట్టమంటాను. నా చెవి తీర్పు ఆఖరున చెబుతాను, అది కూడా అడిగితేనే.

మంజాకు నన్ను పిలిచారు. మధ్యాహ్నం దుకాణం మూసి వెళ్లాను. ఇంటి ముందు టెంటు కింద ఊరి ఆడవాళ్లంతా చేరారు. పసుపు బట్టల్లో పెళ్లికూతురు పీట మీద కూర్చుంది. ఢోలక్ ఈసారి గౌసియమ్మ ఒళ్లో ఉంది. మొదటి దెబ్బ పడగానే పెళ్లికూతురు అలవాటుగా తల్లి నోటి వైపు చూసింది. ఆ పెదవులు కదలలేదు. పక్క నుంచి షబానా ఎత్తుకుంది.

మొదట ఆమె గొంతు వణికింది. మలుపు దగ్గరకు వచ్చేసరికి పెద్దవయసు ఆడవాళ్లంతా చప్పట్లు తగ్గించి చెవులొగ్గారు. షబానా పైకెక్కింది, అక్కడ నిలిచింది, ఎక్కడా తొణక్కుండా దిగింది. పెళ్లికూతురు ఒక్కసారి ఏడ్చేసింది. ఆడవాళ్లంతా ఆమెతోపాటు కళ్లొత్తుకుంటూనే పాట అందుకున్నారు.

పాట అయ్యాక గౌసియమ్మ నా వైపు వంగింది. అంతసేపు ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

“నేను పాడినప్పుడల్లా వీళ్లు ఎందుకు ఏడ్చేటోళ్లో నాకు ఎన్నడు సమజ్ కాలే బిడ్డా. నేను లోపలి నుంచి ఇంటుంటి. ఇయ్యాల బయట కూసొని ఇన్న.”

కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ ఢోలక్ దగ్గరకు లాక్కుంది.